కార్బన్ పన్ను, ఉద్గారాల కోటా, ప్రమాణాలు, సబ్సిడీలు: వాతావరణ విధానాల్లో దేన్ని ఎక్కడ ఎంచుకోవాలి?

వాతావరణ మార్పు మీద జరిగే చర్చల్లో మూడు వేర్వేరు ప్రశ్నలు కలగలిసిపోతుంటాయి. భూమి వేడెక్కుతోందా, దానికి మనిషి కారణమా అన్నది మొదటిది. ఆ వేడి వల్ల కలిగే నష్టం ఎంత, దాన్ని నివారించడానికి ఈ తరం ఎంత భారం మోయాలి అన్నది రెండోది. ఆ భారాన్ని ఏ విధానంతో, ఎవరి మీద, ఎంత వేగంగా మోపాలి అన్నది మూడోది. మొదటిదానికి సమాధానం విజ్ఞానశాస్త్రం చెబుతుంది. రెండోదానిలో సగం శాస్త్రం, సగం విలువల విచారణ. మూడోదానిలో ఆర్థికశాస్త్రం, పరిపాలన, రాజకీయం మూడూ ఉంటాయి. పన్ను గిట్టనివారు ఉష్ణోగ్రతల లెక్కలనే శంకిస్తారు. ఒక బిల్లులోని లోపాన్ని ఎత్తిచూపినవారి మీద శాస్త్రాన్ని నమ్మనివారన్న ముద్ర పడుతుంది. ఈ రెండు పొరపాట్లకూ మూలం ఆ కలగాపులగమే. ఈ వ్యాసం ప్రధానంగా మూడో ప్రశ్న గురించి. ప్రభుత్వాల చేతిలో ఉన్న నాలుగు ప్రధాన సాధనాలను పోల్చి, ఏ రంగానికి ఏది తగునో తేల్చుకోవడానికి పనికివచ్చే కొలబద్దలను ఇక్కడ చెబుతున్నాను. అయితే సాధనం ఎంత బలంగా ఉండాలో నిర్ణయించేవి మొదటి రెండు ప్రశ్నలే కాబట్టి వాటిని పూర్తిగా దాటవేయడం కుదరదు.

శాస్త్రం నుంచి విధానానికి అందేది

పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు సుమారు 280 పాళ్లుగా ఉన్న కార్బన్ డయాక్సైడ్, 1958లో హవాయిలోని మౌనా లోవా పర్వతం మీద శాస్త్రవేత్త చార్లెస్ కీలింగ్ కొలతలు మొదలుపెట్టేనాటికి 315 దగ్గరికి చేరింది, ఇప్పుడు 420 దాటింది. ఇదంతా సూర్యుడి పనే అనే వాదన తరచుగా వినిపిస్తుంది. సూర్యకాంతి పెరగడమే కారణమైతే వాతావరణంలోని కింది పొరతో పాటు పైనున్న స్ట్రాటోస్ఫియర్ కూడా వేడెక్కాలి. కొలతల్లో కనిపిస్తున్నది మాత్రం కింది పొర వేడెక్కుతూ ఉండగా స్ట్రాటోస్ఫియర్ చల్లబడటం. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే సరిగ్గా ఇలాగే జరుగుతుందని వాతావరణ శాస్త్రవేత్తలు సుకురో మనాబే, రిచర్డ్ వెదరాల్డ్ 1967లోనే లెక్కగట్టి చూపారు. మానవ ప్రభావం వల్ల భూమి వేడెక్కిందన్నది నిస్సందేహమని ఐపీసీసీ (వాతావరణ శాస్త్ర పరిశోధనలను మదింపు చేసే ఐక్యరాజ్యసమితి సంఘం) 2021 నివేదికలో చెప్పింది. 1850-1900 కాలపు సగటుతో పోలిస్తే 2011-2020 దశాబ్దం సుమారు 1.1 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉందని అదే నివేదిక లెక్క.

నిజమైన అనిశ్చితి ఉన్నది మరోచోట. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే ఉష్ణోగ్రత చివరికి ఎంత పెరుగుతుందన్న దానికి 1979లో ఛార్నీ కమిటీ అనే అమెరికా శాస్త్రవేత్తల బృందం 1.5 నుంచి 4.5 డిగ్రీల వరకు అవకాశం ఇచ్చింది. నలభై ఏళ్ల పరిశోధన తర్వాత ఐపీసీసీ దాన్ని 2.5 నుంచి 4 డిగ్రీలకు కుదించింది. ఖచ్చితంగా తెలియనప్పుడు తొందరెందుకని కొందరు అంటారు. అంచనా తప్పే అవకాశం రెండు వైపులా ఉంది, పైవైపున తప్పితే జరిగే నష్టం కిందివైపున తప్పితే కలిగే లాభం కంటే చాలా పెద్దది. అందువల్ల అనిశ్చితిని బట్టి చూస్తే చర్యను వాయిదా వేయడం కంటే ముందుకు జరపడమే సబబు.

విధానాల పోలికకు అన్నిటికంటే ముఖ్యమైన శాస్త్ర విషయం ఇంకొకటుంది. కార్బన్ డయాక్సైడ్ వల్ల పెరిగే ఉష్ణోగ్రత ఈ ఏడాది వదిలిన పొగ మీద కాకుండా, మొదటి నుంచి ఇప్పటివరకు వదిలిన మొత్తం మీద ఆధారపడి ఉంటుంది. ప్రతి లక్ష కోట్ల టన్నులకు సుమారు 0.45 డిగ్రీలు పెరుగుతాయని ఐపీసీసీ అంచనా. శిలాజ ఇంధనాల నుంచి ప్రపంచం ఏటా దాదాపు 3,700 కోట్ల టన్నులు వదులుతోంది. అంటే ఇదే వేగం కొనసాగితే 27 ఏళ్లలో మరో లక్ష కోట్ల టన్నులు జమవుతాయి. వేగాన్ని సగానికి తగ్గిస్తే 54 ఏళ్లు పడుతుంది, పెరుగుదల మాత్రం ఆగదు. ఆగాలంటే నికర ఉద్గారాలు, అంటే గాలిలోకి వదిలినదాంట్లోంచి తిరిగి తీసేసినది పోగా మిగిలేవి, సున్నాకు దగ్గరగా రావాలి. కాబట్టి ఏ విధానాన్ని చూసినా మొదటి ఐదేళ్లలో ఎంత తగ్గిస్తుందని అడిగి ఊరుకోకూడదు. అది సున్నా దాకా తీసుకెళ్లగలిగే దారిలో ఉందా, మధ్యలో ఆగిపోయే దారిలో ఉందా అని కూడా అడగాలి.

రెండో ప్రశ్నలో అసలైన విభేదం ఎక్కడ పుడుతుందో ఒక చిన్న లెక్క చూస్తే తెలుస్తుంది. వందేళ్ల తర్వాత జరగబోయే 1,000 డాలర్ల నష్టాన్ని ఈరోజు ఎంత విలువగా లెక్కించాలి? ఏడాదికి 1.4 శాతం చొప్పున తగ్గిస్తూ వస్తే సుమారు 249 డాలర్లు. 4.5 శాతం చొప్పున తగ్గిస్తే 12 డాలర్లే. వాతావరణ శాస్త్రంలో ఒక్క అంకె మార్చకుండానే జవాబు ఇరవై రెట్లు మారింది. 2006లో బ్రిటన్ ప్రభుత్వానికి నివేదిక ఇచ్చిన ఆర్థికవేత్త నికొలస్ స్టెర్న్ మొదటి రేటుకు దగ్గరగా ఉన్నారు. 2018లో నోబెల్ బహుమతి పొందిన విలియం నార్డ్‌హౌస్ అంతకంటే చాలా ఎక్కువ రేటు వాడారు. ఇంకా పుట్టనివారి క్షేమానికి మన క్షేమంతో సమానమైన విలువ ఇవ్వాలా అన్న ప్రశ్న ఈ రేటులో దాగి ఉంది. దానికి ఏ కంప్యూటర్ నమూనా సమాధానం చెప్పదు. నా మటుకు నాకు స్టెర్న్ వైపే న్యాయం కనిపిస్తుంది. కాస్త ఆలస్యంగా పుట్టినందుకు ఒకరి నష్టానికి విలువ తగ్గించడానికి నాకు సరైన కారణం కనబడలేదు. ఒక విషయం మాత్రం గమనించాలి: నార్డ్‌హౌస్ కూడా కార్బన్‌కు ధర ఉండాలనే చెప్పారు. వారిద్దరి వాదం ధర ఎంత, ఎంత త్వరగా అన్నదాని మీదే.

కార్బన్ పన్ను: బొగ్గు మీద బలం, పెట్రోలు మీద బలహీనత

ఇతరులకు నష్టం కలిగించే పనికి ఆ నష్టం మేరకు పన్ను వేయాలన్న ఆలోచనకు 1920లో ఆర్థికవేత్త ఆర్థర్ పిగూ రూపం ఇచ్చారు. కార్బన్ మీద అలాంటి పన్నును మొదట 1990లో ఫిన్లండ్, మరుసటి ఏడాది స్వీడన్ అమలు చేశాయి. దీని ప్రధాన గుణం ఏమిటంటే, ఎక్కడ తగ్గించాలో ప్రభుత్వం చెప్పాల్సిన పని లేదు. తక్కువ ఖర్చుతో తగ్గించగలవారు ముందుగా తగ్గిస్తారు, ఎక్కువ ఖర్చయ్యేవారు పన్ను కడతారు. ఏ ఫ్యాక్టరీలో ఏ యంత్రం మార్చాలో అధికారుల కంటే అందులో పనిచేసేవారికే బాగా తెలుసు కాబట్టి ఈ గుణాన్ని తక్కువగా చూడకూడదు.

కానీ ఒకే పన్ను అన్ని రంగాల్లోనూ ఒకేలా పనిచేయదు. టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు 50 డాలర్ల పన్ను వేశారనుకుందాం. బొగ్గుతో ఒక యూనిట్ విద్యుత్ ఉత్పత్తి చేస్తే దాదాపు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అంటే యూనిట్ ఖర్చు 5 సెంట్లు పెరుగుతుంది. ఆధునిక గ్యాస్ కేంద్రంలో అది సుమారు 0.4 కిలోలు, అంటే 2 సెంట్లు. గాలి, సౌర, అణు విద్యుత్తుల మీద పన్ను దాదాపు పడదు. విద్యుత్ కేంద్రాల మధ్య పోటీ ఒకటి రెండు సెంట్ల తేడాతోనే తేలుతుంది కాబట్టి ఆ 5 సెంట్లు బొగ్గును వరుసలో వెనక్కి నెట్టడానికి సరిపోతాయి. ఇప్పుడు పెట్రోలు సంగతి చూద్దాం. లీటరు కాలిస్తే సుమారు 2.3 కిలోలు వస్తుంది, అంటే 11.5 సెంట్లు. ముడిచమురు ధర కొన్ని నెలల్లో ఎక్కి దిగే తేడా అంతకంటే ఎక్కువే ఉంటుంది. దూరంగా పని, దగ్గర్లో బస్సు లేదు, కారు కొని మూడేళ్లే అయింది అన్న మనిషి ఆ 11.5 సెంట్లు కట్టి విసుక్కుంటాడే తప్ప కారు మార్చడు. విద్యుత్తులో పెద్ద మార్పు తెచ్చే ధరే రవాణాలో ఎక్కువగా కోపాన్ని మాత్రమే మిగిలిస్తుంది.

బ్రిటన్ అనుభవం మొదటి సగాన్ని నిరూపిస్తుంది. 2012లో ఆ దేశపు విద్యుత్తులో దాదాపు 40 శాతం బొగ్గు నుంచి వచ్చేది. 2013లో ఐరోపా సమాఖ్య కార్బన్ ధరకు పైన తమ సొంత కార్బన్ రుసుము కలిపారు. 2024 సెప్టెంబరు 30న చివరి బొగ్గు కేంద్రమైన రాట్‌క్లిఫ్-ఆన్-సోర్ మూతపడింది. కాలుష్య నిబంధనలు, సముద్రంలో పెరిగిన గాలిమరలు కూడా ఇందులో పాలు పంచుకున్నాయి. అయినా బొగ్గును గ్యాస్ కంటే ఖరీదైనదిగా మార్చిన ధర లేకుండా అంత వేగం సాధ్యమయ్యేది కాదు.

పేదల మీద భారం పడుతుందన్న అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ఆదాయంలో శాతంగా చూస్తే ఇంధనం మీద పేద కుటుంబమే ఎక్కువ ఖర్చు పెడుతుంది. డబ్బుగా చూస్తే సంపన్న కుటుంబానిదే పెద్ద ఖర్చు. ఒక కుటుంబం వాడే ఇంధనం నుంచి ఏడాదికి 5 టన్నుల కార్బన్ డయాక్సైడ్, మరో కుటుంబం నుంచి 20 టన్నులు వస్తుందనుకుందాం. 50 డాలర్ల పన్నుతో మొదటిది 250, రెండోది 1,000 కడతాయి. మొత్తం 1,250 డాలర్లను ఇద్దరికీ సమంగా పంచితే చెరి 625 వస్తుంది. తక్కువ వాడిన కుటుంబానికి 375 డాలర్లు మిగులుతాయి, తగ్గించుకోవాలన్న ప్రోత్సాహం ఇద్దరికీ అలాగే ఉంటుంది. కాబట్టి పన్ను న్యాయమా అన్యాయమా అన్నది రేటును బట్టి తేలదు, వసూలైన సొమ్ము ఎటు పోతుందన్నదాన్ని బట్టి తేలుతుంది. స్వీడన్ పన్ను మొదలుపెట్టిన ఏడాదిలోనే ఆదాయపు పన్ను తగ్గించింది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 2008లో టన్నుకు 10 డాలర్లతో మొదలుపెట్టి, ఏటా 5 డాలర్లు పెంచుతూ 2012 నాటికి 30కి చేరి, ఆ సొమ్మును ఇతర పన్నుల తగ్గింపుకూ తక్కువ ఆదాయం ఉన్నవారికీ వాడింది.

కోటాలు, వాటి వ్యాపారం

రెండో సాధనంలో ప్రభుత్వం ధరను నిర్ణయించదు, మొత్తం ఉద్గారాలకు పరిమితి విధిస్తుంది. ఆ పరిమితి మేరకు పర్మిట్లు జారీ చేస్తే పరిశ్రమలు వాటిని తమలో తాము కొని అమ్ముకుంటాయి, ధర మార్కెట్‌లో తేలుతుంది. కెనడా ఆర్థికవేత్త జాన్ డేల్స్ 1968లో ప్రతిపాదించిన ఈ పద్ధతిని అమెరికా 1990 చట్టం ద్వారా ఆమ్లవర్షాలకు కారణమైన సల్ఫర్ డయాక్సైడ్ మీద ప్రయోగించింది. అక్కడ ఖర్చు ముందుగా అనుకున్నదానికంటే చాలా తక్కువే అయింది. కార్బన్ విషయంలో పెద్ద ప్రయోగం 2005లో ఐరోపా సమాఖ్య మొదలుపెట్టింది.

ఐరోపా కథను కాస్త నిదానంగా చూడాలి, ఈ సాధనంలోని మంచిచెడ్డలన్నీ అందులో ఉన్నాయి. మొదటి దశలో పర్మిట్లను ఎక్కువగా ఉచితంగా ఇచ్చారు, పరిశ్రమల అసలు ఉద్గారాలకంటే ఎక్కువే ఇచ్చారు. ఆ సంగతి బయటపడగానే ధర పడిపోయి 2007లో దాదాపు సున్నాకు చేరింది. మరో చేదు నిజం కూడా తేలింది. ఉచితంగా పొందిన పర్మిట్ల విలువను విద్యుత్ సంస్థలు వినియోగదారుల బిల్లుల్లో కలిపి వసూలు చేసుకున్నాయి. మార్కెట్‌లో అమ్మగలిగిన పర్మిట్‌ను వాడుకోవడమంటే ఆ మేరకు ఆదాయం వదులుకోవడమే కాబట్టి ఆర్థికశాస్త్రం ప్రకారం ఇందులో వింతేమీ లేదు, జనం దృష్టిలో మాత్రం అది అన్యాయపు లాభం. ఆ తర్వాత ఆర్థిక మాంద్యం వచ్చి ఉత్పత్తి తగ్గింది, పర్మిట్లు పేరుకుపోయాయి, 2013లో ధర 5 యూరోల కిందికి వచ్చింది. మిగులు పర్మిట్లను మార్కెట్ నుంచి పక్కకు తీసే ఏర్పాటు 2019లో అమల్లోకి వచ్చాక గానీ వ్యవస్థ నిలదొక్కుకోలేదు. 2023 ఫిబ్రవరిలో ధర 100 యూరోలను తాకింది. ఒక సాధనం పని చేయడానికి పదిహేనేళ్లు పట్టిందని దీన్ని వైఫల్యంగా చెప్పవచ్చు. పదిహేనేళ్ల పాటు రద్దు కాకుండా నిలిచి, తనను తాను సరిదిద్దుకుందని కూడా చెప్పవచ్చు. నేను రెండో అభిప్రాయానికే మొగ్గుతాను, కారణం కింద వివరిస్తాను.

ధరా, పరిమాణమా అన్న ప్రశ్నకు ఆర్థికవేత్త మార్టిన్ వైట్జ్‌మన్ 1974లో ఒక స్పష్టమైన కొలబద్ద ఇచ్చారు. ఒక హద్దు దాటితే నష్టం ఒక్కసారిగా పెరిగిపోయే విషయాల్లో పరిమాణాన్ని కట్టడి చేయాలి. నష్టం నిదానంగా పెరుగుతూ, తగ్గింపు ఖర్చు గురించి మనకు సరిగా తెలియని విషయాల్లో ధరను నిర్ణయించాలి. ఒక ఏడాది ఉద్గారాలు కొద్దిగా అటూ ఇటూ అయినా మొత్తం నిల్వలో తేడా స్వల్పమే కాబట్టి ఏటా చూసుకుంటే ధర పద్ధతే మెరుగు. దశాబ్దాల లెక్కలో మాత్రం మొత్తం పరిమాణమే ముఖ్యం. అందుకే కనీస ధర, గరిష్ఠ ధర రెండూ ఉన్న కోటా వ్యవస్థ, లేదా లక్ష్యం తప్పితే తనంతట తానే రేటు పెరిగే పన్ను, ఈ రెండింటిలో ఏదైనా స్వచ్ఛమైన పన్ను కంటే, స్వచ్ఛమైన కోటా కంటే మంచిది. కాలిఫోర్నియా పర్మిట్ల వేలంలో కనీస ధర పెట్టింది ఇందుకే.

ప్రమాణాలు, నిషేధాలు

కారు లీటరుకు ఇన్ని కిలోమీటర్లు నడవాలి, ఫ్రిజ్ ఇంతకంటే ఎక్కువ విద్యుత్ వాడకూడదు, ఫలానా సంవత్సరం తర్వాత బొగ్గు కేంద్రాలు ఉండకూడదు అనే నియమాలు ఆర్థికవేత్తలకు అంతగా నచ్చవు. టన్నుకు అయ్యే ఖర్చు ఒక్కో నియమంలో ఒక్కోలా ఉంటుంది, కొత్త వాహనాల మీదే నిబంధన ఉంటే జనం పాతవాటిని మరింత కాలం నడుపుతారు. ఈ విమర్శలు నిజమే. అయితే ధర చేరలేని చోట్లు కొన్ని ఉన్నాయి. ఇంటి యజమాని కొన్న హీటరుకు అద్దెకున్నవాడు బిల్లు కడుతుంటే, ధర ఎంత పెరిగినా యజమాని మంచి హీటరు కొనడు. అలాంటి చోట ప్రమాణం తప్ప మార్గం లేదు. ఓజోన్ పొర కోసం 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం దశలవారీ నిషేధాలతో గెలిచింది, 2016 కిగాలీ సవరణ ద్వారా అదే చట్రాన్ని హెచ్‌ఎఫ్‌సీ శీతలీకరణ వాయువులకు విస్తరించారు. సహజవాయువులో ప్రధాన భాగమైన మీథేన్ లీకేజీలకూ ఇదే దారి. మీథేన్ గాలిలో పన్నెండేళ్ల పాటే ఉన్నా, ఇరవై ఏళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 80 రెట్లు ఎక్కువ వేడెక్కిస్తుంది. పైపుల్లో లీకేజీ వెతికి మూయించడానికి కావలసింది తనిఖీ.

ప్రమాణాలకూ రాజకీయ హద్దు ఉంది. కర్మాగారానికి వేసిన నియమం ఎవరికీ కనపడదు, ఇంటి తలుపు తట్టిన నియమం అందరికీ కనపడుతుంది. 2023లో జర్మనీ ప్రభుత్వం కొత్త హీటింగ్ వ్యవస్థల మీద తెచ్చిన చట్టం సంకీర్ణంలోనే పెద్ద గొడవకు దారితీసి, చాలా మెత్తబడిన తర్వాతే ఆమోదం పొందింది.

సబ్సిడీలు

కొత్త సాంకేతికత ఖరీదుగా ఉన్న దశలో సబ్సిడీకి సాటి లేదు. 2000లో జర్మనీ పునరుత్పాదక విద్యుత్తుకు ఇరవై ఏళ్ల పాటు స్థిర ధర హామీ ఇచ్చినప్పుడు సౌర ఫలకాలు చాలా ఖరీదైనవి. ఆ హామీ పుట్టించిన గిరాకీ వల్ల ఉత్పత్తి పెరిగింది, చైనా ఫ్యాక్టరీలు దాన్ని ఇంకా పెద్ద ఎత్తుకు తీసుకెళ్లాయి. 2010 నుంచి 2020 మధ్య పెద్ద సౌర కేంద్రాల విద్యుత్ ఖర్చు సుమారు 85 శాతం తగ్గింది. జర్మనీ వినియోగదారులు తమ బిల్లుల్లో కట్టిన అదనపు సొమ్ము ఫలితాన్ని ప్రపంచమంతా అనుభవిస్తోంది. కార్బన్ పన్ను ఒక్కదానితో ఈ పని జరిగేది కాదు, ఎందుకంటే కొత్త పద్ధతిని మొదట వాడి ఖర్చు తగ్గించినవాడికి దక్కే లాభం కంటే తర్వాత వచ్చినవారికి దక్కేదే ఎక్కువ.

సబ్సిడీ చౌకబడిన వస్తువుకు కూడా కొనసాగితే ఎలాగూ కొనేవాడికే చేరుతుంది. పైగా మంచిదాన్ని చౌక చేస్తుందే తప్ప చెడ్డదాన్ని ఖరీదు చేయదు, కాబట్టి ఒంటరిగా సున్నా దాకా తీసుకెళ్లలేదు. ఖజానా మీద ఆధారపడినది కావడం వల్ల ప్రభుత్వం మారితే తెగిపోతుంది. 2022 ఆగస్టులో అమెరికా చేసిన భారీ రాయితీల చట్టంలోని ముఖ్యమైన భాగాలను 2025 జులైలో మరో చట్టం కత్తిరించింది. ఒక మాట ఇక్కడే చెప్పాలి: అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) లెక్క ప్రకారం 2022లో ప్రపంచ ప్రభుత్వాలు శిలాజ ఇంధనాలకు నేరుగా ఇచ్చిన సబ్సిడీలే 1.3 లక్షల కోట్ల డాలర్లు. ఒక చేత్తో బొగ్గుకు, మరో చేత్తో సౌర ఫలకాలకు డబ్బు ఇచ్చే ప్రభుత్వం ముందు మొదటి చేతిని వెనక్కి తీసుకోవాలి.

నిలబడే గుణం

ఇప్పటిదాకా చెప్పిన పోలికలో పాఠ్యపుస్తకాలు తరచుగా వదిలేసే కొలబద్ద ఒకటి ఉంది, నా దృష్టిలో అన్నిటికంటే బరువైనది అదే. ఉద్గారాలు సున్నాకు చేరడానికి మూడు దశాబ్దాలు పడుతుంది, ఆ కాలంలో ఏ దేశంలోనైనా ప్రభుత్వాలు చాలాసార్లు మారతాయి. కాబట్టి కాగితం మీద ఎంత సమర్థంగా ఉన్నా, వరుస ఎన్నికలను తట్టుకోలేని విధానం పనికిరాదు. విద్యుత్ కేంద్రం కట్టేవారు ఈనాటి ధరను బట్టి కాకుండా ఇరవై ఏళ్ల తర్వాత కూడా ధర ఉంటుందన్న నమ్మకాన్ని బట్టి పెట్టుబడి పెడతారు.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒకే ఓటర్లు మూడు రకాల ప్రతిపాదనలకు మూడు సందర్భాల్లో తీర్పు చెప్పారు. 2016లో వచ్చిన ప్రతిపాదన ఆర్థికవేత్తలకు ఎంతో ఇష్టమైన తరహాది: కార్బన్ పన్ను వేసి, ఆ మేరకు అమ్మకపు పన్ను తగ్గించడం. ఓడిపోయింది. చాలా పర్యావరణ సంఘాలే దాన్ని బలపరచలేదు, ఎందుకంటే కొత్త పనులకు అందులో డబ్బు లేదు. 2018లో రుసుము వసూలు చేసి శుద్ధ ఇంధన పనులకు ఖర్చు పెడతామన్నారు. చమురు సంస్థలు భారీగా ఖర్చు పెట్టి వ్యతిరేకించాయి, అదీ ఓడిపోయింది. 2021లో శాసనసభ కోటా చట్టం చేసింది, అది 2023 జనవరిలో అమల్లోకి వచ్చింది. పర్మిట్ల వేలం సొమ్ము బస్సులకు, విద్యుత్ వాహనాలకు, ఇళ్ల మరమ్మతులకు వెళ్లడం మొదలైంది. పెట్రోలు ధరను అది పెంచుతోందన్న ప్రచారం జరిగినా, 2024 నవంబరులో రద్దు ప్రతిపాదన వచ్చినప్పుడు ఓటర్లు స్పష్టమైన ఆధిక్యంతో చట్టాన్నే నిలబెట్టారు.

దీనికి విరుద్ధంగా, ఆస్ట్రేలియా 2012 జులైలో టన్నుకు 23 ఆస్ట్రేలియా డాలర్లతో తెచ్చిన కార్బన్ ధర రెండేళ్లకే రద్దయింది. ఫ్రాన్స్‌లో 2018లో ఇంధన పన్ను పెంపుదల మీద పసుపు కోట్ల ఉద్యమం లేచింది. సంపద పన్నును తగ్గించిన ఏడాదిలోనే డీజిల్ పన్ను పెంచడం పల్లెల్లో, పట్టణ శివార్లలో ఉన్నవారికి అవమానంగా తోచింది. కెనడా కార్బన్ రుసుముగా వసూలు చేసినదానిలో అధికభాగాన్ని కుటుంబాలకు తిరిగి ఇచ్చింది. అయినా 2025 ఏప్రిల్ 1 నుంచి వినియోగదారుల మీది రుసుమును ఎత్తివేసింది, పెద్ద పరిశ్రమల మీది ధరను మాత్రం ఉంచింది. స్విట్జర్లండ్ కార్బన్ పన్ను సొమ్మును ఆరోగ్య బీమా ప్రీమియంలో తగ్గింపుగా ఇస్తుంది, అక్కడ చాలామందికి అది అందుతున్న సంగతే తెలియదు. పంపు దగ్గర కట్టింది ప్రతి వారం కంటికి కనిపిస్తుంది, తిరిగి వచ్చింది ఎక్కడో కలిసిపోతుంది. ఐరోపా కోటా వ్యవస్థ సంక్షోభాలు దాటి నిలవడానికి కారణం కూడా ఇదే: దాని ధర ప్రధానంగా కర్మాగారాల మీద పడింది, దాని పర్మిట్లు ఆస్తిగా మారి వాటిని కాపాడుకునేవారిని పుట్టించాయి.

ఏ రంగానికి ఏది

విద్యుత్తులో మొదటి స్థానం ధరదే. పన్ను రూపంలోనో కనీస ధర ఉన్న కోటా రూపంలోనో ధర ఉంటే, పునరుత్పాదక కేంద్రాలకు పోటీ వేలాలు, విద్యుత్ లైన్ల మీద ప్రభుత్వ పెట్టుబడి దానికి తోడుగా సరిపోతాయి. ఇక్కడ పాత సాంకేతికతకు సబ్సిడీ కొనసాగించడం వృథా.

వాహనాలు, ఇళ్ల విషయంలో నేను ధరను రెండో స్థానంలో పెడతాను. ముందుగా ప్రకటించి ఏటా బిగిసే ప్రమాణం, దానితో పాటు కొనే శక్తి లేనివారికి నేరుగా సాయం, ఛార్జింగ్ సదుపాయం, ప్రజారవాణా, ఇవి మెరుగు. ధర ఎంత సమర్థమో చూపించడానికి పంపు దగ్గర యుద్ధం చేసి, ఆ ఓటమిలో విద్యుత్ రంగంలోని ధరను కూడా పోగొట్టుకోవడం చాలా ఖరీదైన పొరపాటు.

ఉక్కు, సిమెంటు, ఎరువుల్లో కోటా సరైనదే, కానీ ధర లేని దేశం నుంచి దిగుమతులు వచ్చిపడితే పరిశ్రమ సరిహద్దు దాటిపోతుంది, ఉద్గారాలు అలాగే ఉంటాయి. ఉచిత పర్మిట్లతో ఈ భయాన్ని తీర్చడం పాత పద్ధతి. దిగుమతుల మీద సమానమైన రుసుము వేయడం కొత్త పద్ధతి. ఐరోపా దీన్ని 2023 అక్టోబరులో లెక్కలు సమర్పించే దశతో మొదలుపెట్టి 2026 నుంచి డబ్బు కట్టే దశకు తెచ్చింది. పేద దేశాల ఎగుమతిదారుల మీద ఇది భారమన్న ఆక్షేపణలో న్యాయం ఉంది. ఆ రుసుము సొమ్ములో కొంత ఆ దేశాల పరిశ్రమల మార్పుకు ఇవ్వకపోతే ఇది రక్షణ సుంకంగానే మిగులుతుంది.

పరిపాలనా శక్తి తక్కువగా ఉన్న దేశానికి కోటా వ్యవస్థను నేను సూచించను. వేలాది పొగగొట్టాలను కొలిచి, తనిఖీ చేసి, మోసాలను పట్టుకునే యంత్రాంగం దానికి కావాలి. గనులు, శుద్ధి కర్మాగారాలు, ఓడరేవుల దగ్గర ఇంధనం మీద పన్ను వేస్తే కొన్ని పదుల చోట్ల వసూలు చేస్తే చాలు.

బిల్లు చదివేటప్పుడు

పేరు చూసి మోసపోకుండా నాలుగు విషయాలు చూడాలి. ధర పెరిగే క్రమం, లేదా కోటా తగ్గే క్రమం సంవత్సరాల వారీగా చట్టంలోనే ఉందా, లేక ఏటా మంత్రి నిర్ణయానికి వదిలేశారా? మినహాయింపులు ఎవరికి, ఎన్నాళ్లు? స్వీడన్ పరిశ్రమలకు తక్కువ రేటు ఇచ్చినా, 2018 నాటికి ఆ తేడాను పూర్తిగా తొలగించింది. గడువు లేని మినహాయింపు శాశ్వత సబ్సిడీ అవుతుంది. వసూలైన సొమ్ము ఎటు వెళ్తుందో, అది జనానికి ఏ రూపంలో కనపడుతుందో స్పష్టంగా రాశారా?

నాలుగోది ఆఫ్‌సెట్లు, అంటే మరెక్కడో తగ్గించామని చూపి ఇక్కడ వదిలే హక్కు పొందడం. ఉద్గారాల తగ్గింపు మీద దేశాలు చేసుకున్న క్యోటో ఒప్పందం కింద హెచ్‌సీఎఫ్‌సీ-22 అనే శీతలీకరణ వాయువు తయారుచేసే కొన్ని ఫ్యాక్టరీలు, దానితో పాటు పుట్టే హెచ్‌ఎఫ్‌సీ-23 అనే వ్యర్థ వాయువును నాశనం చేసినందుకు క్రెడిట్లు, అంటే అమ్ముకోగలిగే తగ్గింపు పత్రాలు పొందాయి. ఆ వ్యర్థం ఒక్క టన్ను 11,700 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానంగా లెక్కకట్టారు. దాన్ని నాశనం చేయడానికి అయ్యే ఖర్చు క్రెడిట్ల విలువ ముందు చాలా స్వల్పం కావడంతో, వ్యర్థాన్ని ఎక్కువగా పుట్టించడమే కొందరికి లాభసాటి అయింది. ఐరోపా సమాఖ్య 2013లో అలాంటి క్రెడిట్లను తన మార్కెట్‌లో నిషేధించింది. బిల్లులో ఆఫ్‌సెట్లకు అనుమతి ఉంటే దాని గరిష్ఠ శాతం ఎంత, ఆ పని క్రెడిట్ల సొమ్ము లేకపోయినా జరిగేదా కాదా అని తేల్చేది ఎవరు, అలా తేల్చేవారికి జీతం ఇచ్చేది క్రెడిట్లు అమ్ముకునే సంస్థేనా అన్నది చూడాలి. చివరి ప్రశ్నకు అవుననే జవాబు వస్తే, ఆ బిల్లు చెప్పే తగ్గింపు అంకెలోంచి ఆఫ్‌సెట్ల వాటాను పూర్తిగా తీసివేసి, మిగిలిన అంకెతోనే దాన్ని ఇతర ప్రతిపాదనలతో పోల్చాలి.